ధైర్యవాణి

2087 వేసవి. పాడేరు కొండల్లో అడవి అంటుకోవడం అప్పటికి వార్త కాదు. పొద్దున్నే పొగ ఎటు కదులుతోందో చూసుకుని, పిల్లల్ని బడికి పంపాలో వద్దో తేల్చుకునేవారు.

పాంగి దమయంతి పక్షుల కూతల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. నెత్తిన నల్లని జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ ఉండే పికిలిపిట్టలే ఆమె లోకం. డేగ కనిపిస్తే పికిలి గట్టిగా అరుస్తుంది, పొదలన్నీ బిగుసుకుపోతాయి. డేగ వెళ్ళిపోయాక మెత్తగా మరో కూత వేస్తుంది. అంతే, పిట్టలన్నీ మళ్ళీ పళ్ళ మీద వాలతాయి. ఆ రెండో కూతకు దమయంతి 'అభయకూత' అని పేరు పెట్టింది. మంటలార్పే డ్రోన్ల రొదకు పికిళ్ళు గూళ్ళు వదిలి పారిపోతుంటే, ఆ కూత వేసే చిన్న యంత్రం తయారు చేసింది. అదే ధైర్యవాణి. తల్లులు గూళ్ళలో నిలిచాయి. పిల్లలు బతికాయి.

ఆమెతో పనిచేసే సూర్యారావు అక్కడితో ఆగలేదు.

"మనిషి మెదడుకీ అలాంటి కూత ఒకటి ఉంది దమయంతీ. ఆ ఫ్రీక్వెన్సీ దొరికింది. పోయినేడు మంటలప్పుడు జనం ఎలా తొక్కుకుని చచ్చారో చూశావుగా?"

"భయం పోతే కాళ్ళు కదుల్తాయా?"

"కదలక్కర్లేదు. బస్సులొచ్చేదాకా కుదురుగా కూర్చుంటే చాలు."

దమయంతి ఒప్పుకుంది. ఆ తొక్కిసలాటలో పోయినవాళ్ళలో అక్క నీలవేణి కూతురు కూడా ఉంది. కొండవాలు కాలనీలన్నింటిలో మనుషుల కోసం ధైర్యవాణి యంత్రాలు బిగించారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. అక్క ఉండే కాలనీని మంట రెండు వైపుల నుంచి కమ్ముకొచ్చింది. ఘాట్ రోడ్డుకు అడ్డంగా చెట్లు కూలి బస్సులు ఆగిపోయాయి. దమయంతి ఆ కూత వినబడకుండా చెవుల్లో మైనం కుక్కుకుని, వాగు వెంట పరుగెత్తి చేరుకుంది.

కమ్యూనిటీ హాల్లో జనం బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. కిటికీలోంచి బూడిద రాలుతుంటే, ఒకామె కొంగుతో తాపీగా దులుపుకుంటోంది. దమయంతి యంత్రం తీగ పీకేసి, చెవుల్లో మైనం తీసి పారేసింది.

హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది.

"వాగు దారి ఇంకా ఖాళీగానే ఉంది! లేవండి!"

కొందరు లేచారు. ఒకతను వెళ్ళి తలుపు తీశాడు. ఎర్రని వేడి లోపలికి కొట్టింది.

నీలవేణి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఏటే, ఇలాగ సేసేవు? నా పిల్ల అరుపులు మళ్ళీ ఇనబడతన్నాయే. పెట్టీయే అది, నీకు దండం పెడతాను."

"అక్కా, కాలిపోతాం. రా!"

"కాలిపోతే పోతాం. ఇలాగయితే నానుండలేను."

నీలవేణి వెళ్ళి తీగ మళ్ళీ గుచ్చింది. ఎవరూ అడ్డుపడలేదు. తలుపు దగ్గరికి వెళ్ళినవాడు వెనక్కి వచ్చి, తన చోటు వెతుక్కుని కూర్చున్నాడు.

దమయంతి తలుపు వైపు రెండడుగులు వేసి ఆగింది. తర్వాత వచ్చి అక్క పక్కన చతికిలబడింది. పైకప్పు చిటపటలాడుతోంది. ఆమె భయం కోసం మనసంతా వెతుక్కుంది. ఎక్కడా దొరకలేదు.