బెత్తెడు ఎత్తు

"ఆ సామాను ఆ మూల పెట్టించేసి వెళ్ళండి. మామయ్య వచ్చాక సంతకం పెట్టిస్తాను," అన్నాడు అతను, చేతులకి పట్టీలు చుట్టుకుంటూ, తలెత్తకుండానే.

"పెట్టిస్తాను గానీ, వెళ్ళను," అంది ఎదుటి గొంతు.

అప్పుడు తలెత్తాడు. గుమ్మంలో ఇనుప బిళ్ళల గుట్ట, పొడుగాటి రాడ్డు, వాటి మధ్య నడుం మీద చెయ్యి వేసుకుని ఒక అమ్మాయి. జుట్టు పైకి బిగించి కట్టుకుంది. మెడలో విజిల్, భుజాన కొలత టేపు.

"వెళ్ళకపోతే ఎలాగండీ? ఇది బాక్సింగ్ జిమ్ము. ఇక్కడ దెబ్బలు తగులుతాయి."

"తెలుసు. మూడో రౌండులో ఎక్కువ మీకే తగులుతాయని విన్నాను. చిచ్చుబుడ్డి అంటే మీరేగా?"

వెనక తాడు ఆడుతున్నవాళ్ళు ఆట ఆపి మరీ నవ్వారు.

ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి రౌండులో అతను నిప్పులు చిమ్మేవాడు. రెండో రౌండులో వెలుగు తగ్గేది. మూడో రౌండుకి పొగ మాత్రం మిగిలేది. కిందటేడు జట్టు ఎంపిక పోటీలో చేతికందిన గెలుపుని అలాగే చివరి నిమిషంలో పోగొట్టుకున్నాడు. ఆ దెబ్బకి అతని మేనమామ మెత్తబడ్డాడు. జిమ్ము ఆయనదే, కోచూ ఆయనే, అక్కడికొచ్చే అందరికీ ఆయన మామయ్యే. ఎవరో చెప్పగా, బరువులెత్తించి బలం పెంచే ఈ స్ట్రెంగ్త్ కోచ్‌ని పిలిపించాడన్న మాటే గానీ, ఆయనకి ఆమె మీద నమ్మకం ఆవగింజంత కూడా లేదు.

"ఇదిగో చూడమ్మాయ్," అన్నాడు మామయ్య వస్తూనే. "బరువులెత్తితే కండ బిగుసుకుపోతుంది, చెయ్యి మందగిస్తుంది అని మా గురువుగారు చెప్పారు. నేనూ అదే అంటాను. కాకపోతే నా పరుగూ నా తాడూ వీణ్ణి మూడో రౌండు దాటించలేకపోయాయి. ఈసారి ఎంపిక పోటీలో వీడు చివరిదాకా నిలబడ్డాడా, నీకిక్కడ ఉద్యోగం ఖాయం. చతికిలబడ్డాడా, నీ ఇనుము నువ్వు బండికెత్తించుకోవాల్సిందే."

"సరే మామయ్యగారూ. కానీ అప్పటిదాకా ఎవరు ఎంత ఎత్తాలో నేనే చెప్తాను."

"కానీయ్," అన్నాడాయన, చేదు మందు మింగినట్టు మొహం పెట్టి.

మర్నాటి నుంచి గోడ పరీక్ష మొదలైంది.

అది చాలా చిన్న పరీక్ష. పొద్దున్నే ఒళ్ళు వేడెక్కాక, వేళ్ళకి సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన నిలబడి ఉన్నచోటే పైకి ఎగరాలి. వేళ్ళు తగిలినచోట గోడ మీద తెల్లటి గుర్తు పడుతుంది. ఆమె టేపు పెట్టి కొలుస్తుంది. ముందురోజు కష్టానికి కాళ్ళు ఇంకా అలిసే ఉంటే గుర్తు కిందికి దిగుతుంది, ఆవేళ బరువు తగ్గిస్తుంది. గుర్తు దిగకపోతే ఒళ్ళు కోలుకున్నట్టే, కాబట్టి ఇంకాస్త పెంచుతుంది.

"నోరు అబద్ధం చెప్తుంది గానీ కాళ్ళు చెప్పవు," అని ఆమె అందరికీ వివరించింది.

పాపం, అతని కాళ్ళ సంగతి ఆమెకి తెలియదు.

ఆమె గోడకి ఆనుకుని, టేపు పట్టుకుని, కళ్ళు పైకెత్తి, "ఊ, ఎగరండి," అనేది. అంతే. అతని ఒంట్లో ఏ మూలో దాక్కున్న ఓపికంతా పరిగెత్తుకుంటూ వచ్చి కాళ్ళలో చేరేది. ఎగిరేవాడు. కిందికి దిగాక, ఏమీ జరగనట్టు జుట్టు సర్దుకునేవాడు.

"భలే!" అనేది ఆమె, కళ్ళు పెద్దవి చేసి. "నిన్న అంత బరువు లాగారు కదా, ఒక్క పిసరు కూడా తగ్గలేదే! కాళ్ళు నొప్పిగా లేవా?"

"నొప్పా? అదెలా ఉంటుంది మేడమ్?"

"అబ్బో! అయితే ఇవాళ ఇంకో రెండు బిళ్ళలు వేద్దాం."

ఆ "భలే" కోసం అతను రెండు బిళ్ళలేం ఖర్మ, రెండు బస్తాలైనా మోసేవాడు. మోశాడు కూడా. భుజాల మీద రాడ్డుతో గుంజీళ్ళు తీశాడు. బిళ్ళలు పేర్చిన ఇనుప బండిని తాడుతో ఈ గోడ నుంచి ఆ గోడకి లాగాడు. ఆమె పక్కనే నడుస్తూ, "వీపు నిటారుగా! మడమలు లేవకూడదు!" అంటుంటే అతనికి అది పాటలా వినబడేది.

ఇంటి దగ్గర మాత్రం కథ వేరు. మేడ మెట్లు దిగాలంటే కూర్చుని, ఒక్కో మెట్టూ జారుకుంటూ దిగేవాడు.

"ఏమైందిరా నీకు?" అని అడిగింది తల్లి, ఆ దిగడం చూసి.

"కొత్త ఎక్సర్‌సైజ్ అమ్మా."

"కుర్చీలోంచి లేవడానికి అరుస్తావేం? అదీ ఎక్సర్‌సైజేనా?"

"అది ఊపిరి పద్ధతి."

తల్లి నమ్మలేదు. కానీ కొడుకు పొద్దున్న అలారం మోగకుండానే లేచి, అద్దం ముందు తల దువ్వుకుని మరీ గుద్దులు తినడానికి వెళ్తుంటే ఆమెకి కొంత అర్థమైంది.

గోడ మీద గుర్తు మాత్రం దిగలేదు. బరువూ దిగలేదు. పోటీ ఇక వారంలోకి వచ్చింది. మామయ్య అందరినీ రింగు చుట్టూ నిలబెట్టి, సరదాకి బాక్సింగ్ ఆడే ఒక వ్యాను డ్రైవరుతో అతనికి ప్రాక్టీసు ఆట పెట్టాడు. డ్రైవరు ఒట్టి అమాయకుడు. గట్టిగా కొడితే సారీ చెప్పే రకం.

మొదటి రౌండులోనే అతని చేతులు కిందికి వేలాడాయి. రెండో రౌండు సగంలో, డ్రైవరు ఇంకా చెయ్యి విసరకముందే, అతను రింగు మధ్యలో నెమ్మదిగా కూర్చుండిపోయాడు.

"నేనేం చెయ్యలేదండీ!" అన్నాడు డ్రైవరు, రెండు చేతులూ పైకెత్తి.

"నువ్వు కాదు నాయనా, ఈ ఇనుము చేసింది!" మామయ్య గొంతు చూరు ఎగిరిపోయేలా లేచింది. "చూశావా అమ్మాయ్? ఇదివరకు మూడో రౌండులో పడేవాడు. నీ పుణ్యమా అని రెండో రౌండుకే వచ్చాడు. ఇక చాలు. సాయంత్రానికి బండి మాట్లాడుకో."

ఆమె వాదిస్తుందనుకున్నాడు అతను. వాదించలేదు. గోడ మీది గుర్తుల వంక, అతని వంక మార్చి మార్చి చూసింది. మొహం పాలిపోయింది.

"కొలతలో తప్పు నాకెక్కడా కనబడలేదు మామయ్యగారూ. అయినా మనిషి కూలబడ్డాడు కాబట్టి తప్పు నాదే. వెళ్తాను." వంగి రాడ్డుకున్న బిళ్ళలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

ఒక్కో బిళ్ళ నేలకి తగిలిన చప్పుడు అతని గుండెల్లో పడింది. ఇప్పుడు నోరు విప్పితే ఇంతమంది ముందు పరువు గంగలో కలుస్తుంది. విప్పకపోతే ఈమె గుమ్మం దాటి వెళ్ళిపోతుంది, అదీ చేయని తప్పుకి.

"మామయ్యా! తప్పు ఆవిడది కాదు," అన్నాడు, కూర్చున్నచోటి నుంచే. "నా కాళ్ళది."

"కాళ్ళకేమైంది?"

"అబద్ధం చెప్పాయి. నేను అలిసిపోయే ఉన్నాను. రోజూ. కానీ ఆ గోడ దగ్గర... ఆవిడ నిలబడితే... మామూలుగా ఎగరాల్సిన దానికంటే ఎక్కువ ఎగురుతున్నాను."

ఆమె బిళ్ళ పట్టుకునే లేచి నిలబడింది. "ఎందుకు?" అని అడిగింది. నిజంగానే అడిగింది. ఆ మొహంలో లెక్క తేలని విసుగు తప్ప ఇంకేం లేదు.

"ఎందుకంటే ఏం చెప్పను మేడమ్..."

"ఓరి నీ దుంప తెగ!" మామయ్య నుదురు కొట్టుకున్నాడు. "అమ్మాయ్, నీకు ఇంకా అర్థం కాలేదా? వీడు పరీక్షకి ఎగరలేదు. నీకోసం ఎగిరాడు!"

డ్రైవరు చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోవడంతో గ్లౌజులు సర్దుకున్నాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అది సిగ్గేమోనని అతను ఆశపడ్డాడు.

"అంటే ఇన్నాళ్ళ నా కొలతలన్నీ...?"

"పనికిరావు మేడమ్."

"నీకు అసలు బుద్ధుందా? అలిసిన ఒంటి మీద రోజూ బరువు పెంచుకుంటూ పోయాను! మోకాలు పోయుంటే? నడుం పట్టేసి ఉంటే? నువ్వు మంచాన పడితే నేను ఏమైపోవాలి?"

ఆమె తిడుతోంది. అతను మాత్రం "నువ్వు" దగ్గరే ఆగిపోయాడు. అప్పటిదాకా ఎప్పుడూ "మీరు" దాటలేదు ఆవిడ.

"నవ్వుతావేం!"

"నవ్వట్లేదండీ."

మామయ్య ఎంతైనా కోచ్. టేపు తన చేతిలోకి తీసుకుని, "నువ్వు బయటికెళ్ళి తలుపేసుకో అమ్మాయ్. నిజమెంతో నేను కొలుస్తాను," అన్నాడు. ఆమె వీధిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. అతను మామయ్య మీసాల వంక చూస్తూ ఎగిరాడు.

"ఎంత?" అంది తలుపు అవతలి నుంచి గొంతు.

"బెత్తెడు తగ్గిందమ్మా!"

ఆమె వెంటనే లోపలికి రాలేదు. వాన మొదలైనట్టుంది, రేకుల మీద చినుకులు వినబడ్డాయి. తలుపు తీసుకుని లోపలికొచ్చేసరికి ఆమె భుజాలు తడిసి ఉన్నాయి, కోపం మాత్రం కొంత దిగింది.

"మామయ్యగారూ, నాకు ఈ వారం ఇవ్వండి. బలం వచ్చింది, అలసట కింద పడి కనబడట్లేదు. అలసట దిగితే బలం పైకొస్తుంది. ఇక నుంచి మీరే కొలవండి."

మామయ్య మేనల్లుడి వంక చూశాడు. తీసిన బిళ్ళల వంక చూశాడు. "పోటీ దాకా. అంతే," అన్నాడు.

ఆ వారం బరువులు సగానికి సగం తగ్గాయి. కాసేపు చురుకైన గుద్దులు, కాసేపు సాగతీతలు, మిగతాదంతా తిండీ నిద్రా. రోజురోజుకీ, మామయ్య మీసాల ముందు కూడా, గుర్తు పైకి పాకింది. ఆమె అతనితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. పోటీ ముందురోజు ఇక ఆగలేకపోయాడు.

"నేను ఆ రోజు చెప్పినదానికి మీరేమీ అనలేదు."

"పోటీ అయ్యాక అంటాను. ఇప్పుడంటే మీకు నిద్ర చెడుతుంది."

"అనకపోయినా చెడుతోంది."

"అయితే ఇంకా తొందరగా పడుకోండి," అంది ఆమె, చాలా శ్రద్ధగా తాడు చుడుతూ.

పోటీలో అవతలివాడు కిందటేడు అతన్ని ఓడించినవాడే. వాడికీ చిచ్చుబుడ్డి సంగతి తెలుసు. రెండు రౌండ్లూ తప్పించుకు తిరిగి, మూడో రౌండులో కోతకొచ్చిన చేలోకి దిగినట్టు ధీమాగా దిగాడు. ఎదురుగా ఇతని కాళ్ళు కదులుతూనే ఉన్నాయి. చేతులు లేస్తూనే ఉన్నాయి. ఆఖరి గంట మోగేసరికి ఆయాసపడుతున్నది అవతలివాడు. రిఫరీ ఇతని చెయ్యి పైకెత్తాడు. మామయ్య రింగు బయట ఎవరో తెలియని పెద్దమనిషిని కావలించుకున్నాడు.

బట్టలు మార్చుకునే గది బయట ఆమె ఐసు సంచీతో నిలబడి ఉంది. అతని కనుబొమ్మ మీద పెట్టి అదిమింది.

"ఒక మాట చెప్పాలి. రేపటి నుంచి నేను మీ కోచ్‌ని కాను."

మూడు రౌండ్లలో ఏ గుద్దూ అంత గట్టిగా తగల్లేదు. "గెలిచాను కదండీ!"

"గెలిచారు. నా ఉద్యోగమూ ఖాయమైంది. మిగతా అందరికీ నేనే నేర్పుతాను. మీ బరువులు మాత్రం మామయ్యగారు చూస్తారు, ఆయనకి అన్నీ చెప్పాను."

"నన్నొక్కణ్ణే ఎందుకు వదిలేస్తున్నారు?"

"నా దగ్గర ట్రైనింగ్ తీసుకునేవాళ్ళతో నేను బయట కాఫీకి వెళ్ళను. అది నా రూలు. అందుకని ముందు మిమ్మల్ని తీసేశాను."

అతనికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నడవా చివర నుంచి మామయ్య అరిచాడు. "ఒరేయ్, మీ అమ్మతో నేను మాట్లాడేశాను! ఆ మెట్లు దిగడం చూసినప్పుడే కనిపెట్టిందట. వెళ్ళి కాఫీ తాగి తొందరగా రా, రేపు పొద్దున్నే బరువులున్నాయి!"

"మీకు... ఎప్పటినుంచి?" అన్నాడు అతను.

"ఆ రోజు తలుపు బయట నిలబడ్డప్పటి నుంచి," అంది ఆమె. ఐసు సంచీ కనుబొమ్మ మీది నుంచి ఎప్పుడో చెంప మీదికి జారింది, ఇద్దరూ గమనించలేదు. "బెత్తెడు తగ్గిందన్నారు. నేను లేకపోతే నువ్వు అంత తగ్గిపోతావా అనిపించింది. చాలా భయమేసింది. చాలా బావుంది కూడా."

మూడో రౌండు చివరిదాకా నిలబడ్డ మనిషి, పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు.