చిలకలగూడ బోర్డు మీద ఎర్ర సున్నాలు

ఆ రోజు తెల్లారినా ఎండ రాలేదు. స్టేషన్ వైపు నుంచి వచ్చిన మబ్బు చిలకలగూడ మీద తడిగుడ్డ కప్పినట్టు దిగి, ఒక్క చినుకైనా రాల్చకుండా నిలబడిపోయింది.

ఏడూ ఇరవై. టైలర్ షాపు మీది మేడగది. కామరాజు మాస్టారి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు అదే.

మాస్టారు బోర్డు కింద బోర్లా పడి ఉన్నారు. తల వెనక ఎముక లోపలికి దిగింది. పక్కనే ఇనప స్టూలు. దాని కాలికి నెత్తురు, తెల్ల వెంట్రుకలు. ఒక్క దెబ్బ కాదు. పడిపోయాక కూడా కొట్టారు.

ఇన్‌స్పెక్టర్ సదాశివ గుమ్మంలోనే ఆగి చాలాసేపు చూశాడు. మాట తక్కువ మనిషి. పల్లెలో పుట్టాడు. మడిలో నీళ్లు ఏ గట్టు దగ్గర జారుతున్నాయో దూరం నుంచే పట్టేసే చూపు.

బోర్డు మీద ఐదు ఇంగ్లీషు మాటలు. కత్తి, దువ్వెన, అరవై నిమిషాల గంట, ద్వీపం, బుధవారం. ఒక్కో మాటలో రాస్తారే గాని పలకని అక్షరం ఒకటి. ఆ అక్షరం చుట్టూ ఎర్ర చాక్‌పీసుతో సున్నా.

"పలకనప్పుడు నైఫ్ ముందు కె ఎందుకు సార్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఓంప్రకాశ్. "మా బడిల క్నైఫ్ అని చదివి రెండు బెత్తం దెబ్బలు తిన్న."

"నేను నాలుగు తిన్న. బుధవారానికి," అన్నాడు సదాశివ.

శవాన్ని మొదట చూసింది జెఫ్రీ. మాస్టారి దగ్గర ఏడున్నర బ్యాచ్‌కి చెప్పే కుర్ర టీచరు. ఏడింటికి వచ్చానన్నాడు. చొక్కా నిండా నెత్తురు. లేపబోయానన్నాడు.

"నిన్న మాస్టారుతోని కొట్లాడినవంట?" అని అడిగాడు సదాశివ.

"ఆర్గ్యుమెంట్ సార్. షెడ్యూల్ అనాలా, స్కెడ్యూల్ అనాలా అని."

"గంత దానికి మనిషిని చంపుతరా?"

"నేనూ అదే అంటున్న సార్!"

మాస్టారు ఐదున్నరకూ ఏడింటికీ మధ్య పోయారన్నాడు డాక్టరు.

పదింటికి కల్పలత వచ్చింది. చీరల షాపులో సేల్స్ గర్ల్. పది రోజుల్లో ఒక హాస్పిటల్ రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆరింటి బ్యాచ్‌లో ఆమె ఒక్కతే. వెంట భర్త భానుప్రకాశ్, అరగంట దూరంలో ఉన్న యాప్రాల్‌లో గోడౌన్ సూపర్‌వైజర్. ఆరూ నలభైకి అక్కడి హాజరు మెషీన్‌లో అతని వేలిముద్ర పడింది. ఓంప్రకాశ్ ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"ఆరింటికి పోయిన సార్. క్లాసయింది. ఆరూ యాభైకి దిగిన. అప్పటికి సార్ మంచిగనే ఉండె."

అప్పజెప్పినట్టు చెప్పింది. అంత ఉక్కలోనూ చున్నీ మెడకు బిగించి చుట్టుకుంది. ఆమె మాట ప్రకారం మిగిలింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో వచ్చింది జెఫ్రీ ఒక్కడే.

పై ఆఫీసరు ఫోన్ చేశాడు. "ఐదింటికల్లా ఆ పిల్లగాణ్ని కోర్టుకు పంపియ్యి సదాశివా. ఇంకేం చూస్తున్నవ్?"

సదాశివ జెఫ్రీ ఫోన్ తీసుకున్నాడు. రోజూ క్లాసు అయ్యాక బోర్డు ఫోటో గ్రూపులో పెట్టడం అక్కడి అలవాటు. నలభై ఫోటోలు వరసగా చూశాడు. ఒక్క ఎర్ర సున్నా లేదు. మాటల్లో అక్కడక్కడ పన్ను ఊడినట్టు ఖాళీలు.

"ఇదేంది?"

"మాస్టారి పద్ధతి సార్. పలకని అక్షరాన్ని స్టూడెంటే వేలితో తుడవాలి. సున్నా చుట్టేది ఇంటి దగ్గర, నోట్‌బుక్‌లో."

సదాశివ ఫోన్ జేబులో వేసుకున్నాడు.

నాలుగింటికి అందరినీ అదే గదికి పిలిపించాడు. బేడీలతో జెఫ్రీ. కుర్చీలో మాస్టారి భార్య సీతారత్నం. కల్పలత. ఆమె వెనకే భానుప్రకాశ్. నేల మీద నెత్తురు నల్లబడింది.

కల్పలత చేతికి తెల్ల చాక్‌పీసు ఇచ్చాడు.

"కత్తికి ఇంగ్లీషు మాట రాయమ్మా. పలకనిది ఏదో చూపియ్యి."

ఆమె రాసింది. వేలు నాలుకకు తాకించి కె మీద రుద్దేసింది. అప్పుడు పక్కకు చూసింది. ఎర్ర సున్నాలు కనిపించాయి. వేలు గాలిలోనే ఆగిపోయింది.

"ఈ సున్నాలు చుట్టినోడు ఈ గదిల ఎన్నడూ కూసోలే," అన్నాడు సదాశివ. "నోట్‌బుక్ ఒక్కటే చూసిండు. నీ భార్య నోట్‌బుక్ ఎవరు చూస్తరు భానుప్రకాశ్?"

"మొగుడన్నంక చూడొద్దా?"

"చూడు. మాస్టారు పొద్దుగాల్నే మాటలు రాసి పెట్టుకుంటడు. ఆరింటికి ముందే నువ్వు పైకెక్కినవ్. కొట్టినవ్. క్లాసు అయినట్టు కనవడాలని సున్నాలు చుట్టి, బండేసుకొని యాప్రాల్ పోయినవ్. మరి ఆరింటికి నీ భార్య ఎక్కడుంది?"

కల్పలత చున్నీ విప్పింది. మెడ మీద అయిదు వేళ్ల వాతలు, నీలంగా.

"ఇంట్లనే ఉన్న సార్. తాళమేసి పోయిండు. మళ్లొచ్చి, క్లాసయిందని చెప్పకుంటే నన్ను సుత చంపుతనన్నడు."

భానుప్రకాశ్ ఆమె జుట్టు పట్టి నుదురు బోర్డుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోయే చేతిని సదాశివ అందుకుని వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"ఇంగ్లీషొస్తే నా మాట ఇంటదా?" నేల మీద మోకాళ్లపై పడి అరిచాడు భానుప్రకాశ్. "ఒక్కతే గంటసేపు ఆనితోని! ఇంటదా నా మాట?"

"నడువ్," అన్నాడు ఓంప్రకాశ్.

పోస్టుమార్టం అయి శవం మర్నాడు గాని రాదన్నారు. సీతారత్నం ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. రాత్రి ఏడింటికి జెఫ్రీ తల్లి ప్రిసిల్లా క్యారియర్ తెచ్చింది. అన్నం, టమాటా పప్పు. జెఫ్రీ ఆకులు పరిచాడు.

నుదుటికి కట్టుతో కల్పలత గుమ్మం దగ్గరే నిలబడింది. ఆమెను తీసుకొచ్చిన సదాశివ వెనకే ఉన్నాడు.

"నా వల్లనే గదా అమ్మా."

సీతారత్నం ఆమె వైపు చూసింది. "పొద్దుట్నించీ ఏం తినుంటావు? రా, కూర్చో. మీరూ రండి బాబూ."

సదాశివ బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ప్రిసిల్లా వడ్డించింది. సీతారత్నం మొదటి ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. ఆమె నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్లు ఆకులో చెయ్యి పెట్టారు.