ఎమ్మిగనూరులో లేవని మిషన్

ఆదోనిలో డిటెక్టివ్ ఉచ్చీరమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన పిల్ల, పాత సీపీయూ ఒకటి చంటిబిడ్డలా చంకనెత్తుకుని ఉంది. మొహాన నెత్తురు చుక్క లేదు.

ఉచ్చీరమ్మ హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులతో పాటు ఈ ఆఫీసునూ తెచ్చిపెట్టుకుంది. మొగుళ్ల మీద అనుమానాలు, చేను గట్ల తగాదాలు వినీ వినీ మనుషులంటేనే విసుగొచ్చేసింది. అసిస్టెంట్ తౌసీఫ్‌కు మాత్రం ఆమె ఆవలించినా అందులో ఏదో తెలివి కనబడుతుంది. వాడి పిచ్చి వాడికి ఆనందం.

"రిపేరు షాపు కింద సందులో ఉందమ్మా," అంది ఉచ్చీరమ్మ.

"తెలుసు మేడమ్. షాకిరన్న బాగుజేస్తాడు, ఇంటికి తీస్కపోతాను, తెల్లారితే మళ్లా లేయదు. అందుకే ఈ తూరి నేరుగా మీ తావుకే వచ్చినాను. మా ఇంట్లో ఎవురో దీన్ని సంపుతాండారు."

ఆ పిల్ల పేరు ఇందు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు వాళ్లది. అమ్మ అంజినమ్మ, అన్న చంద్రశేఖర్, తను. చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం నేర్చుకుని, షాకిర్ దగ్గర ఈ సెకండ్ హ్యాండ్ మిషన్ కొన్నది. ఒక చీరల వ్యాపారి గురువారానికల్లా డిజైన్లు చూపించమన్నాడు. నచ్చితే ఏడాది పొడవునా పని. చూపించలేకపోతే శుక్రవారం బెంగళూరు బట్టల ఫ్యాక్టరీకి పోయే బండి ఎక్కాల్సిందేనని అన్న తేల్చి చెప్పేశాడు. ఇక్కడ చూస్తే స్విచ్ నొక్కితే మిషన్ కీకీమని అరుస్తుంది, తెర నల్లగానే ఉంటుంది. నిన్న బాగుచేయించుకుని పోతే పడుకునేదాకా పనిచేసింది, పొద్దున లేచి చూస్తే మళ్లీ అదే పాట. అన్న నిన్ననే చీరలమ్మడానికి మంత్రాలయం పోయాడు, ఇంకా రాలేదు. అంతా చెప్పి ఇందు కళ్లు తుడుచుకుంది.

తౌసీఫ్ మనసులో షాకిర్‌ను అప్పుడే జైల్లో వేశాడు. పాతది మాటిమాటికీ చెడిపోతే కొత్తది అంటగట్టవచ్చు గదా.

షాకిర్ షాపులో సీపీయూ పక్కరేకుకు స్క్రూలే లేవు, చేత్తో లాగితే ఊడొచ్చింది. లోపల జానెడు లేని పచ్చటి పట్టీ చూపించాడతను. ర్యామ్ అంటారు, అది సరిగ్గా కూర్చోకపోతే మిషన్ లేవదు. తీసి, రబ్బరుతో రుద్ది పెడితే చాలు. ఒకసారి ఎమ్మిగనూరు పోయి వాళ్లింట్లో అందరి ముందే అలా చేసి చూపించాడట.

"బస్సు కుదుపులకు కదల్దా?" అడిగింది ఉచ్చీరమ్మ.

"కదలొచ్చమ్మా. గానీ ఇవో, రెండు పక్కలా క్లిప్పులు తెరిసుండాయి సూడండి. కుదుపుకు తెరుసుకునేవి కావు. యేలితో తెరవాల."

అతను రబ్బరు అందుకునేలోగా ఉచ్చీరమ్మ పట్టీని లాక్కుని ఎండలో చూసింది. కొసన తెల్లటి మరక ఉంది. వేలితో రాస్తే మెత్తగా తగిలింది. ఆదోనిలో దుమ్ముకేం కొదవ అనుకున్నాడు తౌసీఫ్. ఆమె పట్టీని కాగితంలో చుట్టి పర్సులో వేసుకుని, సీపీయూతో సహా ఇందునూ, షాకిర్‌నూ వెంటబెట్టుకుని బయల్దేరింది. ఎమ్మిగనూరు బస్సులో సీటు దొరకలేదు. మోకాళ్లకది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇంట్లో అంజినమ్మ మగ్గం దగ్గర కూర్చుని, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుంటూ, తల ఎత్తకుండానే వాళ్లను కూర్చోమంది. చంద్రశేఖర్ అప్పుడే బస్సు దిగి మూటతో వచ్చాడు. చెల్లెలు బెంగళూరు పోవడమే మేలని, నెలయ్యేసరికి జీతం వస్తుందని దాపరికం లేకుండా చెప్పాడు. మిషన్‌ను మాత్రం తను ముట్టలేదన్నాడు. కంచే చేను మేసిందని తౌసీఫ్‌కు గట్టిగా అనిపించింది.

ఉచ్చీరమ్మ అందరినీ మగ్గం చుట్టూ కూర్చోబెట్టింది. ఆమె గొంతులో గెలిచిన సంబరమేమీ లేదు.

నిన్న రాత్రి ఈ ఇంట్లో మిషన్ పనిచేసింది, పొద్దునకు పనిచేయలేదు. చెయ్యి పెట్టినవాళ్లు రాత్రి ఈ ఇంట్లోనే ఉండాలి. షాకిర్ ఆదోనిలో ఉన్నాడు, చంద్రశేఖర్ మంత్రాలయంలో ఉన్నాడు. ఇందు తన నోటికాడి కూడు తానే తన్నుకుని డిటెక్టివ్ దగ్గరికి రాదు. ఇంతవరకూ చెప్పి ఆమె కాగితం విప్పింది.

"దీని మీద ఉండేది దుమ్ము కాదు, బూడిద. ఈ ఇంట్లో బూడిద యేళ్లతో పనిజేసేది నువ్వొక్కదానివే అంజినమ్మా."

అంజినమ్మ పోగు వదిలేసింది.

"ఆయప్ప తీసి పెట్టేది సూసినాను. పోగులతికే సేతులకు అదొక లెక్కనా," అంది. తన వేళ్లకంటిన బూడిద చూసుకుంది. "పెండ్లయి వచ్చినకాడ్నుంచి ఈ మగ్గం గుంత తప్ప నేనేం సూసినాను? నన్నిడిసి పోలేక ఇది గూడా ఈడనే ముసిల్దయితాది. మిషన్ సస్తేనన్నా బండెక్కుతాదనుకుంటి."

తౌసీఫ్‌కు తల దించుకోవాలనిపించింది. దొంగ దొరికితే సంతోషంగా ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు పాపం.

ఇందు ఏడవలేదు. "నీ కోసం ఉండానని నీకెవురు సెప్పినారు మా? ఈ పని నాకిష్టం. నువ్వు లేకపోయినా ఇదే సేసుకుంటా."

మాట కటువుగానే తగిలింది. అయినా అంజినమ్మ మొహం తేటపడింది. ఎన్నేళ్ల బరువో దిగిపోయినట్టు గట్టిగా ఊపిరి వదిలింది.

షాకిర్ పట్టీని రబ్బరుతో రుద్ది ఇచ్చాడు. ఇందు దాన్ని తల్లి చేతిలో పెట్టింది. "తీసింది నువ్వే గదా. నువ్వే పెట్టు."

అంజినమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, పట్టీని గాడిలో ఆనించి నొక్కింది. రెండు క్లిప్పులూ మూసుకున్నాయి. స్విచ్ వేస్తే మిషన్ ఒక్కసారి కీమని, తెర వెలిగింది. ఆమె దాని ముందుకు జరిగి కూర్చుంది.

"ఇన్ని దినాలు దీన్ని సంపేదానికే సూసినాను గానీ, నువ్వేం గీసినావో ఒగ తూరన్నా సూడల్యా. సూపీ పాపా."

తౌసీఫ్ కూడా ఆ అంచు చూద్దామని మెడ సాచాడు. ఉచ్చీరమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, వాడి భుజం తట్టింది.

"రాప్పా. అది మన కేసు కాదు."