సంతకం పెట్టనన్న ప్రొప్రైటర్

ఆ రోజు ఉదయం పదింటికి ఆవిడ ఎప్పటిలాగే మేడ మీద ఎరువు జల్లిస్తోంది. అక్కడ నలభై కుండీలు, మూలన మూత పెట్టిన నీలం డ్రమ్ము ఒకటి ఉన్నాయి. వంటింటి చెత్త, ఎండుటాకులు అందులో వేసి వారానికోసారి తిరగేస్తే మూడు నెలలకు నల్లటి మట్టి అయ్యేది. వీధిలో అందరికీ ఆవిడ మొక్కలావిడే. భర్త మాత్రం "ప్రొప్రైటర్ గారూ, కాస్త మంచినీళ్ళు" అని ఆటపట్టించేవాడు. ఆయన నడిపే సంచుల ఫ్యాక్టరీ ఆవిడ పేరు మీదే ఉంది మరి. ఆడవాళ్ళు యజమానులైతే పన్నులో రాయితీ ఉందని ఇరవై రెండేళ్ళ కిందట అలా రాయించాడు. అప్పటి నుంచి ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆవిడ సంతకం పెడుతూనే ఉంది. ఫ్యాక్టరీలో అడుగు పెట్టింది మాత్రం ప్రారంభం రోజున ఒక్కసారే.

కింద నుంచి ఆయన పిలిచాడు. కాగితం సిద్ధంగా ఉందట, తొందరగా రమ్మన్నాడు.

ఆ కాగితం సంగతి ఆవిడకు తెలుసు. ఏడాది కిందట కొడుకు ఎవరో పొడి అమ్మేవాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ గింజల్లో ఆ పొడి ఇంత కలిపితే చాలు, సంచి దానంతటదే మట్టిలో కలిసిపోతుందని వాళ్ళు నమ్మబలికారు. కొడుకు సంచులకు ఆకుపచ్చ రంగు వేయించి, మీద "నేను మట్టిలో కలిసిపోతాను" అని అచ్చు కొట్టించాడు. గిరాకీ పెరిగింది. ఇప్పుడు ఊళ్ళో సగం బడుల క్యాంటీన్లకు సంచులు కొనే సంస్థ ముందుకొచ్చింది. ఈ సంచి ఆరు నెలల్లో పూర్తిగా మట్టి అవుతుందని యజమాని రాసిస్తే ఆర్డరు ఖాయం. పదకొండింటికి ఆ సంస్థ మనిషి వస్తుంది. ఆర్డరు చేజారితే, దాన్ని నమ్ముకుని కొన్న రెండో మిషను ఆపేయాల్సిందే.

ఆవిడ చేతులైనా కడుక్కోకుండా, జల్లెడతో సహా కిందికి దిగి, దాన్ని భోజనాల బల్ల మీద పెట్టింది. కొడుకు గబుక్కున కాగితం పక్కకు లాగాడు.

"నేను సంతకం పెట్టను," అంది ఆవిడ.

ఆయనకు ముందు నవ్వొచ్చింది. ఏ కూరగాయల మీద అలకో అనుకున్నాడు. ఆవిడ నవ్వకపోయేసరికి జల్లెడలోకి చూశాడు. అడుగున గోరంత గోరంత ముక్కలు, ఆకుపచ్చవి, మట్టి అంటుకుని ఉన్నాయి.

పది నెలల కిందట ఆవిడ ఆ డ్రమ్ములో నాలుగు వస్తువులు వేసింది. చెరుకు పిప్పితో చేసిన పళ్ళెం, పాత నూలు గుడ్డ, కోడలు తెచ్చిన, మొక్కజొన్న పిండితో చేసిన సంచి, తమ ఫ్యాక్టరీ సంచి. పళ్ళెం రెండు నెలలకే ఆనవాలు లేకుండా పోయింది. గుడ్డ నాలుగో నెలకు పోయింది. మొక్కజొన్న సంచి మొండికేసింది. అలాంటివి పెద్ద పెద్ద ఎరువు గుట్టల వేడికి గాని లొంగవని కోడలు చెప్పింది. అదీ చివరకు ఎండలు ముదిరి డ్రమ్ము వేడెక్కాక మెత్తబడి, ఆ తర్వాత జల్లెడకు దొరకలేదు. తమ సంచి మాత్రం ముక్కలై, ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలై, మళ్ళీ మళ్ళీ జల్లెడలోకే వచ్చింది. ఆరో నెలలో కొడుక్కి చూపిస్తే తప్పు డ్రమ్ముదన్నాడు. సరే కదా అని కుండీలో కొత్త మట్టి పోసి ఇంకో సంచి పాతింది. అక్కడా ఇదే వరస.

"మేడ మీద చేసే పరీక్షకు విలువేంటమ్మా? పొడి వాళ్ళ దగ్గర ల్యాబు రిపోర్టు ఉంది," అన్నాడు కొడుకు.

"ఆ రిపోర్టు నువ్వు చదివావా?"

వాడు తండ్రి వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ కోడలు నోరు విప్పింది. ఆమె బడిలో సైన్సు చెబుతుంది. "నేను చదివానత్తయ్యా. ఎండలో పెడితే ముక్కలవుతుందని ఉంది. మట్టిలో కలుస్తుందని ఎక్కడా లేదు." ముక్కలవడం వేరు, కలవడం వేరని ఆమె మామగారికి నెమ్మదిగా వివరించింది. మట్టిలో కంటికి కనపడని జీవాలు తిని అరిగించుకుంటేనే కలిసినట్టు. వాటికి ఈ సరుకు మేత కాదు. ఎంత చిన్న ముక్కైనా ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే ఉంటుంది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి ఆయన. మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళుగా ఈ ఇంటికి తిండి పెట్టింది ఆ సంచులే. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"ఇల్లూ నాదే, ఫ్యాక్టరీ కూడా నా పేరునే ఉందంటిరి. నా వాసాలు నేను లెక్కపెట్టుకుంటే తప్పేంటండీ?"

ఆయన గొంతు తగ్గించి పనివాళ్ళ సంగతి ఎత్తాడు. పదిహేను మంది, వాళ్ళ పిల్లలు. ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది. రాత్రంతా తనూ వాళ్ళ గురించే ఆలోచించానంది. మామూలు సంచిని మామూలు సంచి అని చెప్పి అమ్ముకుందాం, పిప్పి పళ్ళేలు చేసే మిషను గురించి అడిగి తెలుసుకుందాం, ఏదైనా చేద్దాం, అబద్ధం మీద మాత్రం నా పేరు ఉండదు అంది.

ఆయన జల్లెడలోంచి ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపాడు. కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఏ సరుకో చెప్పగలడు ఆయన. మట్టి రాలిపోయింది. ముక్క మీద "కలిసి" అన్న అక్షరాలు ఇంకా చెక్కుచెదరలేదు.

పదకొండు కాకముందే సంస్థ మనిషి వచ్చింది. చేతిలో ఫైలు, మెడలో గుర్తింపు కార్డు. ఆవిడే ఎదురెళ్ళి కూర్చోబెట్టి, జల్లెడ చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ మనిషి ఇబ్బందిగా నవ్వింది. తమ పై అధికారులకు కావలసింది ఆ కాగితం ఒక్కటేనని, అన్ని కంపెనీలూ ఇస్తున్నాయని సర్దిచెప్పబోయింది.

"మీరు ఊరికే భయపడుతున్నారండీ. ఎవరూ తవ్వి చూడరు."

"నేను తవ్వి చూశానమ్మా."

ఆ మనిషి ఆయన వైపు తిరిగింది, మీరైనా చెప్పండి అన్నట్టు. కొడుకు కూడా ఆయన మొహంలోకే చూస్తున్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు. "ఆవిడ పెట్టనంటే పెట్టదండీ. నేను అడగను," అన్నాడు. ఫైలు మూసుకుని ఆ మనిషి వెళ్ళిపోయింది. కొడుకు చెప్పులేసుకుని ఫ్యాక్టరీకి బయల్దేరాడు. కోడలు వాడి వెనకే గేటు దాకా వెళ్ళింది.

ఇద్దరే మిగిలారు. ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చుండిపోయాడు.

"నాకూ అనుమానమే," అన్నాడు చివరికి. "పొడి వాడు వచ్చిన మొదటిరోజే అనుకున్నా. అడిగితే నిజం చెబుతాడేమోనని అడగలేదు."

ఆవిడ మట్టి చేతులతోనే ఆయన పక్కన కూర్చుంది.

"ఇన్నేళ్ళలో ఒక్క కాగితమైనా చదివి సంతకం పెట్టావా?"

"లేదు. మీ మొహం చూసి పెట్టాను."

ఆయన తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం ఆవిడ చూడలేదు. ఆవిడకూ కళ్ళు నిండాయి. ఆర్డరు పోయిందని కాదు. ఇంతకాలం కళ్ళు మూసుకుని నమ్మి, భారమంతా ఆయన ఒక్కడి మీదే వదిలేశానని ఆవిడకు అప్పుడే తోచింది.

"ఇక చదివే పెడతాను," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అర్థం కానిచోట అడుగుతాను. మీకు విసుగొచ్చినా సరే, అర్థమయ్యేదాకా అడుగుతూనే ఉంటాను."

"అడుగు," అన్నాడు ఆయన.