వారంలో నాలుగు చావులు

సోమవారం పొద్దున వేణుమాధవ్ మొదటిసారి చచ్చిపోయాడు. కారణం, గురక పెట్టే పిల్లి వీడియో. "ఐయామ్ డెడ్" అని హిమజకు మెసేజ్ పెట్టి మరీ పోయాడు.

మంగళవారం ఏ.ఎస్. రావు నగర్‌లో మిర్చిబజ్జీ తిని మళ్ళీ పోయాడు. బుధవారం ఎవరిదో కుక్కపిల్ల పుట్టినరోజు వీడియో చూసి "లిటరల్లీ క్రయింగ్, డెడ్ అగైన్" అన్నాడు. గురువారం హిమజ తన ఫొటో పంపితే "హార్ట్ స్టాప్డ్" అని వచ్చింది. బజ్జీ పక్కన తనకూ ఓ చావు. ఆమెకు ఒళ్ళు మండింది.

గుండె ఆగితే ఎలా ఉంటుందో హిమజకు తెలుసు. చిలకలగూడలోని ఓ డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఈసీజీ తీయడమే ఆమె పని. వేణుమాధవ్‌తో పెళ్ళిచూపులయ్యాక, వారం మాట్లాడుకుని ఏ సంగతో చెప్పమన్నాడు నాన్న. ఆ గడువు శనివారంతో సరి.

శనివారం పొద్దున్నే, కొత్త ఉద్యోగానికి మెడికల్ టెస్టంటూ చీటీ పట్టుకుని వేణుమాధవ్ ఆమె గదిలోకే వచ్చాడు. ఊళ్ళో ఇంకో సెంటరే లేనట్టు.

పడుకోబెట్టి వైర్లు తగిలించింది. తెర మీద గుండె వేగం డెబ్బై ఆరు. చెప్పేదేదో ఇప్పుడే చెప్పేద్దామనుకుంది.

"మా ఇంట్ల వద్దని చెప్తున్న. పిల్లికి సుత సచ్చేటోనికి పెండ్లామెందుకు?"

తెర మీద తొంభై. నూట నాలుగు. నూట ఇరవై రెండు. వైరు ఊడిందేమోనని అన్నీ నొక్కి చూసింది. ఒక్కటీ ఊడలేదు.

కుక్కపిల్లకు ఏడ్చానని ఊరంతా చాటినవాడు, ఇప్పుడు నిజంగా కళ్ళు నిండితే గోడవైపు తల తిప్పుకున్నాడు. తుడుచుకోబోతే, చెయ్యి కదిపితే గీత పాడవుతుందని ఆమె కసిరింది.

"ఏందీ, దీనికి మెసేజ్ పెట్టవా?"

"దీనికేం రాయాల్నో తెలుస్తలేదు."

హిమజ తెర మీది అంకె మళ్ళీ చూసింది. ఈ రిపోర్టు పంపితే ఉద్యోగం పోతుందనీ, పది నిమిషాలు నిమ్మళంగా ఉంటే మళ్ళీ తీస్తాననీ చెప్పింది.

"నువ్వీడ నిలబడితే తగ్గదు."

"అయితే పక్క రూం క్యారల్ అక్క తీస్తది. నేను బయటికి పోయి నాన్నకు ఫోన్ చేస్త."

"ఏమని?"

"రేపు మీ ఇంటోళ్ళను రమ్మనమని."

ఆమె వెళ్ళిపోయింది. క్యారల్ లోపలికొచ్చి తెర చూసి, మెట్లెక్కి ఉరికొచ్చారా అని అతన్ని అడిగింది.