ముందు సున్నా నొక్కండి

“ఈ కంప్లైంట్‌కి నేను వెళ్ళను మేడం. ఇంకెవరినైనా పంపండి.”

తేజేశ్వర్ నోట ఇలాంటి మాట హెప్సిబా గారు ఎప్పుడూ వినలేదు. విజయవాడలోని ఆ టెలిఫోన్ కంపెనీ ఆఫీసులో ఎవరూ ముట్టుకోని కంప్లైంట్లన్నీ ఎగబడి తీసుకునేవాడు అతనొక్కడే.

“ఏం, ఆ ఇంట్లో కుక్కుందా?”

“కుక్కుంటే వెళ్ళేవాణ్ణండీ.”

హెప్సిబా గారు మాస్క్ కిందికి లాగి, కంప్యూటర్‌లోకి తొంగి చూసింది. ‘మార్కండేయ హ్యాండ్లూమ్స్, మంగళగిరి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్లకి కాల్ వెళ్ళడం లేదు.’

“ఓహో!” అంది. “ఆ మంగళగిరి అమ్మాయి ఇల్లేనా? ఫోన్ చేస్తామని చెయ్యనివాళ్ళు?”

తేజేశ్వర్ అవునన్నట్టు తలూపాడు.

“కంప్లైంట్‌కి మన సొంత బాధలు తెలియవు నాయనా. పైగా ఊరూరా సున్నా సున్నా అని అరిచింది నువ్వే. బయల్దేరు.”

ఆ సంగతి మాత్రం నిజం. జనవరి మధ్య నుంచి దేశమంతా కొత్త నిబంధన వచ్చింది. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కి చేయాలంటే ముందు సున్నా నొక్కాలి. పక్కవీధిలో ఉన్నవాళ్ళ సెల్‌కి చేసినా సరే, పది అంకెలు కాదు, పదకొండు. కొత్త నంబర్లకు చోటు కావాలంటే తప్పదన్నారు. ఈ మాట కస్టమర్లకు చేరవేసే పని తేజేశ్వర్ నెత్తిన పడింది. పోస్టర్లు అతికించాడు. తన గొంతే రికార్డు చేయించి ఆటోకి మైకు కట్టించి తిప్పాడు. ఆఫీసులో అతని పేరు సున్నా తేజ అయిపోయింది.

బైక్ వారధి ఎక్కింది. కింద కృష్ణ ఇసుక దిబ్బల మధ్య సన్నగా మెరుస్తోంది. తేజేశ్వర్ కంటికి నది ఆనడం లేదు, సంక్రాంతి పండగ వెళ్ళిన వారానికి జరిగిన పెళ్ళిచూపులే కనిపిస్తున్నాయి.

నాగదుర్గ కాఫీ తెచ్చేదాకా ఆమె కళ్ళొక్కటే చూశాడు. మిగతాదంతా మాస్క్ వెనకాలే. కప్పు అందించాక ఆమె మాస్క్ తీసి, “చీరల గురించి మీకేమైనా తెలుసాండీ?” అని అడిగింది.

“రేటు చూసి భయపడటం తెలుసండీ.”

ఆమె నవ్వింది. గట్టిగా, పెద్దవాళ్ళందరూ తలతిప్పి చూసేలా. ఆ నవ్వుతో తేజేశ్వర్ పని అయిపోయింది.

వెళ్ళేటప్పుడు ఆమె నానమ్మ హనుమాయమ్మ గారు, “మా ఇంట్లో పెళ్ళి మాట పెద్దావిడ నోటితోనే వెళ్ళాలి. నేనే ఫోన్ చేసి చెప్తాను. నంబరు ఆ గోడ మీద రాయండి” అంది. ఇంటి ముందుగదే షాపు; అందులో ఫోన్ పక్కన ఆకుపచ్చ గోడ నిండా నంబర్లే. బట్ట మీద గీత గీసే సుద్దముక్క కోసం తేజేశ్వర్ తండ్రి తిరుపతిరావు చెయ్యి చాచాడు. అంతలో తేజేశ్వర్ దాన్ని లాగేసుకున్నాడు.

“నాన్నగారికి ఫోన్లో సరిగ్గా వినపడదండీ. నాది రాస్తాను.”

పక్కింటి గుసగుసలు సైతం వినగల తిరుపతిరావు కొడుకువైపు తెల్లబోయి చూశాడు. కొడుకు ఆయన కళ్ళలోకి చూడలేదు. ఆ మాట ముందు తనే వినాలని అతని ఆశ.

ఆ తర్వాత ఫోన్ రాలేదు.

“ఒకసారి అడిగితే ఏం పోయింది?” అంది తల్లి ఛాయాదేవి. “మాట రాలేదంటే అదే మాట. కారణం అడిగి లోకువవుతామా?” అన్నాడు తిరుపతిరావు. సంబంధం తెచ్చిన పద్మావతమ్మ గారికి సరిగ్గా అప్పుడే దాయాదుల ఇంట్లో మైల వచ్చింది. “మైల తీరేదాకా పెళ్ళి మాట నా నోట రాకూడదు నాయనా” అని ఆవిడ తలుపు వేసుకుంది.

అలా కథ ముగిసిందనుకున్నాడు. ఇప్పుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అదే షాపు ముందు బైక్ ఆపాడు.

గుమ్మంలో నాగదుర్గ నిలబడి ఉంది. సన్నటి జరీ అంచు ఉన్న వంకాయ రంగు చీర, తలలో చేమంతులు. మాస్క్ పైన ఆ కళ్ళు అతన్ని చూసి ఒక్క క్షణం పెద్దవయ్యాయి. వెంటనే చిన్నవయ్యాయి.

“ఏం కావాలండీ?”

“ఫోన్ కంప్లైంట్ అండీ. కంపెనీ నుంచి వచ్చాను.”

“ఫోన్లు బాగుచేసేవాళ్ళకి ఫోన్లో మాట్లాడే మర్యాద ఉండదా?”

“ఏంటండీ?”

“ఏం లేదులెండి. తొందరగా చూడండి. నాలుగున్నరకి మాకు చుట్టాలొస్తున్నారు.”

“ఎవరొస్తున్నారు?” అని అడిగేశాక నాలుక కరుచుకున్నాడు తేజేశ్వర్.

“గన్నవరం వాళ్ళు. అబ్బాయికి ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. పెళ్ళిచూపులు.” ఆమె ఒక్కో మాటా విడివిడిగా పలికింది. “నాన్న ఈసారి అటూ ఇటూ అయితే ఒప్పుకోనన్నారు. వాళ్ళు ఊఁ అంటే ఈరోజే తాంబూలాలు.”

గోడ గడియారం మూడు దాటింది.

లోపల ఆమె తండ్రి మార్కండేయులు చీరలు మడతపెడుతున్నాడు. తేజేశ్వర్‌ని చూడగానే ఆయన చేతిలో మడత జారిపోయింది. “మీరా బాబూ” అని, ఇంకేమనాలో తెలియక, “నూలుకి రంగులేసేవాళ్ళకి దీన్నుంచి ఎంత చేసినా కలవడం లేదండీ. నా సెల్‌లో అయితే కలుస్తోంది” అని ఫోన్ చూపించాడు.

“ముందు సున్నా నొక్కుతున్నారాండీ?”

“సున్నా ఎందుకు?”

“ఆటోలో చెప్పించామండీ, మీ వీధిలోనే…”

“ఆ అరుపా? కోడిమాంసం ఆఫరేమో అనుకున్నాను.”

రెండు నిమిషాల పని ఇది. సున్నా సంగతి చెప్పి, సంతకం తీసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ పద్ధతి ప్రకారం ఒక సెల్‌కి చేసి చూపించాలి. తేజేశ్వర్ రిసీవర్ ఎత్తి గోడవైపు తిరిగాడు.

సుద్దతో రాసిన పది అంకెలు. తన చేతిరాతే. ఎవరూ తుడవలేదు.

“ఇది ఇంకా ఉందేంటండీ?” అన్నాడు.

“నానమ్మ తుడిచెయ్యమంది. తడిగుడ్డ దొరకలేదు” అంది నాగదుర్గ, చీరల అల్మరావైపు చూస్తూ.

“ఇన్నాళ్ళూ దొరకలేదా?”

“వెతకలేదు.”

మార్కండేయులు దగ్గాడు. తేజేశ్వర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ కంగారులో ఆ పది అంకెలే నొక్కాడు. అందరికీ వినపడేలా స్పీకర్ మీట నొక్కాడు. అందులోంచి తియ్యటి ఆడగొంతు హిందీలో మొదలైంది.

వెనకగది తలుపు దభాలున తెరుచుకుంది.

“అదిగో! ఆ పిల్లే!” హనుమాయమ్మ గారు చేతికర్ర పైకెత్తి నిలబడి ఉంది. “ఇంకా అక్కడే ఉందా అది?”

“ఏ పిల్ల నానమ్మా?”

“ఇతని ఫోన్ ఎత్తే పిల్ల! నేను మూడు పూటలా చేశాను. చేసినప్పుడల్లా అదే ఎత్తింది. హిందీలో ఏదో దబాయించింది. నువ్వెవరే, అబ్బాయిని పిలవమంటే నా మాట వినకుండా దాని మానాన అది వాగుతూనే ఉంది. ఠక్కున పెట్టేశాను. ఇంట్లో హిందీ పిల్లని పెట్టుకుని పెళ్ళిచూపులకి వచ్చాడని మీకెలా చెప్పను? మన పరువేం కాను? అందుకే ఆ సంబంధం మనకొద్దన్నాను, అంతే.”

స్పీకర్లో ఆ గొంతు హిందీ ముగించి ఇంగ్లీషు ఎత్తుకుంది.

“వద్దన్నది మీరా?” అన్నాడు తేజేశ్వర్.

“వద్దన్నది మీరు కాదా?” అంది నాగదుర్గ.

“ఫోనే రాలేదండీ నాకు!”

“నానమ్మ ఫోన్ చేశానంది. ఆ తర్వాత మీ ఊసే ఎత్తొద్దంది. మీరే ఏదో అనుంటారనుకున్నాను.”

“మామ్మగారూ,” తేజేశ్వర్ చేతులు జోడించాడు, “దయచేసి ఒక్క నిమిషం వినండి. ఫోన్ పెట్టెయ్యకుండా ఆఖరిదాకా వినండి.”

హనుమాయమ్మ గారు అనుమానంగా తల వంచింది. ఇంగ్లీషు అయిపోయింది. ఆ గొంతే తెలుగులోకి వచ్చింది. ‘దయచేసి మీరు డయల్ చేసిన మొబైల్ నంబరుకు ముందు సున్నా చేర్చి మళ్ళీ ప్రయత్నించండి.’

ముసలావిడ చేతికర్ర మెల్లగా కిందికి దిగింది.

“రికార్డు అమ్మా అది. టేపు. లైను పోయిందనుకుని నేనూ ఆఖరిదాకా వినలేదు” అన్నాడు మార్కండేయులు. “నీకు తెలియదూ?”

“నాకెలా తెలుస్తుందిరా? కూచిపూడిలో చెల్లెలికి తప్ప ఎవరికి చేస్తాను నేను? దానిదీ ఇలాంటి ఫోనే. నా జన్మలో సెల్లుకి చేసింది ఇదే మొదలు.” ఆవిడ ఫోన్‌వైపు జాలిగా చూసింది. “ఎంత మర్యాదగా చెప్తోందో పాపం. నోటికొచ్చినట్టు తిట్టాను.”

నాగదుర్గ భుజాలు కదులుతున్నాయి. మాస్క్ వెనక నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. మాస్క్ లాగేసింది. ఆ రోజు విన్న నవ్వే.

“అయితే తప్పెవరిది?” అంది కళ్ళు తుడుచుకుంటూ. “ఊరందరికీ సున్నా నొక్కమని అరిచిన మనిషి, సొంత నంబరు ముందు సున్నా రాయలేదు!”

తేజేశ్వర్ గోడవైపు చూశాడు. పది అంకెలు. తన నంబరు రాసేటప్పుడు సున్నా ఎవరు రాస్తారు అనబోయాడు. ఆ మాట ఇక్కడ నిలవదని తెలిసి ఊరుకున్నాడు.

“తప్పు నాదేనండీ. అసలు మా నాన్న ల్యాండ్‌లైన్ నంబరు రాయాల్సింది. ఆయనకి బ్రహ్మాండంగా వినపడుతుంది.”

“మరి వినపడదన్నారు?”

“మీరు ఒప్పుకున్న మాట ముందు నేనే వినాలని.”

నాగదుర్గ నవ్వు ఆగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది.

“మీ గొంతు నేను గుర్తుపట్టాను,” అంది చిన్నగా. “ఆటో వచ్చినప్పుడు గుమ్మంలోకి వచ్చి విన్నాను. అది వీధి మలుపు తిరిగేదాకా.”

“విన్నారా? మరి సున్నా సంగతి…”

“గొంతు విన్నానండీ. మాటలెవరు విన్నారు?”

మార్కండేయులికి ఉన్నట్టుండి చీరల మడతల మీద విపరీతమైన శ్రద్ధ పుట్టుకొచ్చింది. అంతలోనే గడియారం చూసి తుళ్ళిపడ్డాడు.

“అమ్మా! గన్నవరం వాళ్ళు!”

“బయల్దేరారా?”

“బయల్దేరబోతూ ఉంటారు. ఏం చెప్పమంటావు?”

హనుమాయమ్మ గారు మనవరాలి దగ్గరకి వచ్చి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. “ఏమే? గన్నవరమా, ఇదా?”

“నానమ్మా, అతనెదురుగా అడుగుతావేంటి?”

“నాకు చూపు ఆనదే. తలూపితే కనపడదు. నోటితో చెప్పు.”

“ఇదే” అంది నాగదుర్గ. గోడ మీద సుద్ద అంకెలకు మాత్రమే వినపడేంత చిన్నగా. ముసలావిడకి మాత్రం బాగానే వినిపించింది.

“ఒరే, నువ్వు నీ సెల్ తీసుకుని పెరట్లోకి పోయి గన్నవరం వాళ్ళకి మర్యాదగా చెప్పు. ముందే మాటైన సంబంధం తిరిగొచ్చింది, ఏమీ అనుకోవద్దని చెప్పు. ఆ అబ్బాయికి మంచి పిల్ల దొరకాలి, నేను మొక్కుకుంటాను.” తర్వాత తేజేశ్వర్‌వైపు తిరిగింది. “నువ్వింకా ఇక్కడే నిలబడ్డావేం బాబూ? బయటికెళ్ళు.”

“బయటికా?” అన్నాడు తేజేశ్వర్.

“ఎదురుగా ఉన్నవాడికి ఫోన్ ఎలా చెయ్యనూ? రోడ్డవతలికెళ్ళు. మా ఇంటి మాట ఫోన్లో వెళ్తుంది.”

తేజేశ్వర్ ఒక్క అంగలో మెట్లు దిగాడు. స్కూటర్‌వాడు ఒకడు తిట్టుకుంటూ పక్కకి తప్పుకున్నాడు. రోడ్డవతల మందులషాపు ముందు నిలబడి, సెల్ రెండు చేతులతో పట్టుకున్నాడు. చీరల షాపులో నానమ్మ వేలు ఒక్కో అంకె మీదికీ వెళ్ళడం అద్దంలోంచి కనిపిస్తోంది. పక్కన నాగదుర్గ అంకెలు చెబుతోంది. మొదటి అంకె చెప్పేటప్పుడు ఆమె రోడ్డవతలికి చూస్తూ పెదవులు సున్నాలా చుట్టింది.

ఫోన్ మోగింది.

“హలో,” అన్నాడు. సొంత గొంతే కొత్తగా ఉంది.

“నేను హనుమాయమ్మని, మంగళగిరి నుంచి” అంది ఆవిడ. ఆ మాటలు ఫోన్లోంచీ, రోడ్డు మీదుగానూ రెండువైపులా వచ్చాయి. “మా అమ్మాయికి నువ్వు నచ్చావు. మాకందరికీ ఇష్టమే. మీ అమ్మా నాన్నలతో చెప్పు. పద్మావతమ్మ మైల తీరగానే తాంబూలాలు పెట్టుకుందాం. వినపడుతోందా?”

“బాగా వినపడుతోందండీ. చాలా బాగా.”

“అయితే ఉండు, ఇది ఏదో అంటుందట.”

రిసీవర్ చేతులు మారింది.

“తేజేశ్వర్ గారూ.”

“చెప్పండి.”

“కంప్లైంట్ బాగైందని మీకు సంతకం కావాలి కదా. వచ్చి తీసుకోండి. మాస్క్ తీసేసి రండి, ఆ రోజు కాఫీ కంగారులో మీ ముఖం సరిగ్గా చూడలేదు.”

అతను రోడ్డు దాటేసరికి ఆమె ఫోన్ పెట్టేసి గోడ దగ్గర నిలబడి ఉంది. చేతిలో సుద్దముక్క. అతని నంబరు ముందు, మిగతా అంకెలకి రెండింతలు పెద్దగా, గుండ్రంగా ఒక సున్నా గీస్తోంది.