సొరుగులో దాచిన పన్ను

ఆ అమ్మాయి తలుపు కూడా తట్టకుండా ల్యాబ్ గదిలోకి వచ్చింది. చేతిరుమాలు విప్పి, అందులో ఉన్న పన్నును అతని బల్ల మీద పెట్టింది.

"ఇది చేసింది మీరేనా?"

అతను మైనం కరిగిస్తున్న దీపం ఆర్పి, పన్ను వంక చూశాడు. పై వరసలో ముందు పన్ను, గులాబి రంగు ప్లేటుకు అతికించినది. పోయిన వారం తన చేతుల మీదుగా వెళ్లిందే.

"నేనేనండి. ఏమైంది?"

"ఊడింది."

"ఎప్పుడు?"

"రాక్షసుడు గర్జించినప్పుడు."

అతనికి అర్థం కాలేదు. ఆమె ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఆ చేతి వెనక నుంచే విషయం చెప్పింది. ఆమె లైబ్రరీలో పని చేస్తుంది. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ పిల్లలకు కథలు చెబుతుంది, అందుకే అందరూ ఆమెను కథల టీచర్ అంటారు. మొన్న శనివారం కథలో రాక్షసుడు గుహలోంచి బయటికొచ్చి గర్జించాడు. పన్ను ఎగిరి మొదటి వరసలో పడింది.

"పిల్లలు చప్పట్లు కొట్టి, మళ్లీ చెయ్యమన్నారు" అంది.

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఆపుకుంటున్నట్టు ఆమెకు తెలిసిపోయింది.

"నవ్వండి, మీకేం. ముప్ఫై రెండూ ఉన్నాయి."

"ఇరవై ఎనిమిదేనండి. జ్ఞానదంతాలు నాలుగూ అక్క పీకేసింది."

"అది తెలుస్తూనే ఉంది."

అక్క అంటే ముందు గదిలో ఉన్న డాక్టర్. క్లినిక్ ఆవిడది. వెనక ఒక్క కిటికీ ఉన్న ఈ ల్యాబ్ మాత్రం తమ్ముడిది. పేషెంట్ల పళ్లు అక్క చూస్తుంది, కొత్త పళ్లు తమ్ముడు చేస్తాడు. అక్క వేలెత్తి చూపించలేని పని అతనిది ఒక్కటే, పళ్లు చేయడం. మిగతా విషయాలకు ఆవిడకు పది వేళ్లూ చాలవు.

ఇంతలో టీచర్ వెనకే వచ్చిన ఆమె అమ్మమ్మ, అడక్కుండానే అక్కడున్న ఒక్క స్టూలూ లాక్కుని కూర్చుంది.

"ఏం బాబూ, నోటి నిండా పళ్లు నేను రెండు వారాల్లో కట్టించుకున్నాను. దీని ఒక్క పన్నుకి నాలుగు నెలలా?"

"మీవి తీసి పెట్టుకునేవి అమ్మమ్మగారూ. ఇది ఎముకలో పాతేది. దవడ ఎముకలో అక్క చిన్న స్క్రూ బిగించింది కదా, దాని చుట్టూ ఎముక పెరిగి గట్టిగా పట్టుకోవాలి. తొందరపెడితే పట్టు దొరకదు. పట్టుకున్నాక దాని మీద నేను చేసిన పన్ను ఎక్కిస్తాం. ఇక రాక్షసుడు గర్జించినా కదలదు. అప్పటిదాకా ఈ ప్లేటు పన్నుతో సర్దుకోవాలి."

"అంటే మొక్క నాటినట్టు."

"దాదాపు అంతేనండి. నీళ్లు పోయక్కర్లేదు."

"అసలు పన్నెలా పోయిందో అడగవేం? పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. మా మనవరాలు రాయి కూడా వెతుక్కోలేదు. ప్రపంచ పటాల పుస్తకం పై అరలోంచి లాగింది, అది వచ్చి మూతి మీద పడింది."

"అమ్మమ్మా" అంది టీచర్, చెయ్యి తీయకుండానే.

అతను ప్లేటు కొక్కేలు బిగించి ఇచ్చాడు. ఆమె కిటికీ వైపు తిరిగి పెట్టుకుని స, శ, ష అని మూడు సార్లు అంది. బాగానే పలికింది. అయినా ఇటు తిరిగేసరికి చెయ్యి మళ్లీ నోటి మీదికి వచ్చేసింది.

ఆ చెయ్యి తీసి ఆమె నవ్వితే ఎలా ఉంటుందో చూడాలని అతనికి అనిపించింది. అది ఉద్యోగధర్మం అనుకున్నాడు. ఉద్యోగధర్మమే అయితే ఇంట్లో అన్నం తింటున్నప్పుడు కూడా గుర్తు రావలసిన పని లేదు.

ఆ తర్వాత ప్లేటుకు జబ్బులు మొదలయ్యాయి. ఒక వారం గుచ్చుకుంటోంది. ఒక వారం వదులుగా ఉంది. ఇంకో వారం ఏమీ లేదు గానీ 'ఒకసారి చూపించి పోదామని' వచ్చారు. వచ్చినప్పుడల్లా టీచర్ ఒక పుస్తకం తెచ్చేది. పరీక్షలయ్యాక పుస్తకం ముట్టని మనిషి, రెండు రోజుల్లో చదివేసి మూడో రోజు నుంచి గుమ్మం వైపు చూసేవాడు. అమ్మమ్మ అతనికి పళ్ల శిల్పి అని పేరు పెట్టింది. శిల్పి బల్ల పక్కన స్టూళ్లు రెండయ్యాయి.

ఒకరోజు అసలు పన్నుకు షేడ్ చూడాలని పిలిచాడు. రంగుల వరస ఉన్న పట్టీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబెట్టేసరికి వాన మొదలైంది. గదిలో చీకటి పడింది.

"ఇవాళ కుదరదండి. పంటి రంగు చూడాలంటే పగటి వెలుతురు కావాలి. దీపం కింద చూస్తే మోసపోతాం. రేపు రాగలరా?"

"రేపు కూడా వాన పడితే?"

"ఎల్లుండి."

"మబ్బులతో మీకేమైనా ఒప్పందం ఉందా?"

వాన తగ్గేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఆమె ఒక నక్క కథ చెప్పింది. నక్క బావిలో పడ్డ చోట రెండు చేతులూ కావలసి వచ్చి, నోటి మీది చెయ్యి తీసేసింది. అర నిమిషం. అతను చేతిలో ఉన్న మైనం పన్నును వేళ్లతో నలిపేసి, అది కూడా గమనించలేదు. అమ్మమ్మ మాత్రం గమనించింది.

నాలుగు నెలలూ నిండాయి. అక్క ఎక్స్‌రే చూసి, ఎముక స్క్రూని గట్టిగా పట్టుకుందని చెప్పింది. ఇక శిల్పి వంతు.

నాలుగు రోజులు పట్టింది. పక్క పన్ను మీదున్న సన్నటి తెల్ల గీతను కూడా దించాడు. చివర కొద్దిగా వాలు ఉంటుంది, ఆ వాలూ తెచ్చాడు. అచ్చు మీద పెట్టి చూస్తే, చేసింది ఏదో పుట్టినది ఏదో తనకే తెలియలేదు. తన జీవితంలో చేసిన అన్నిటికన్నా మంచి పన్ను అది. డబ్బాలో పెట్టాడు, చీటీ మీద తయారైన తేదీ వేశాడు. అప్పుడు తట్టింది. ఇది బిగించాక ఆమెకు ఇక్కడ పని లేదు.

డబ్బా సొరుగులోకి తోసేశాడు.

అక్క దగ్గరికి ఇంకో పన్ను వెళ్లింది. దాన్ని కావాలనే అర షేడ్ ముదురుగా చేశాడు. అక్క పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. రెండు వారాల తర్వాత వచ్చిన పన్ను గోడ సున్నంలా తెల్లగా ఉంది.

"నీ కళ్లకేమైందిరా?" అంది అక్క.

"మళ్లీ చేస్తానక్కా."

కుర్చీలో ఉన్న టీచర్ మెల్లగా అంది. "పరవాలేదు డాక్టర్‌గారూ. ఆయన ఎంత శ్రద్ధగా చేస్తారో నాకు తెలుసు."

శిల్పి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని వెనక గదిలోకి పోయాడు.

ఆ తర్వాతి గురువారం అమ్మమ్మ ఒక్కతే వచ్చింది. తన పళ్ల సెట్టు తీసి బల్ల మీద పెట్టి, పాలిష్ చెయ్యమంది. పళ్లు లేకుండానే చెప్పింది, అయినా ప్రతి మాటా స్పష్టంగా తగిలింది.

"పన్ను ఊడిన రోజు నుంచి అది కథలు మానేసింది, నీకు చెప్పిందా?"

"లేదండి."

"చెప్పదు. అసలు పన్ను వచ్చేస్తుందని రెండు సార్లు నోటీసు పెట్టింది. రెండు శనివారాలూ పిల్లలు వచ్చి, ఊరికే తిరిగి వెళ్లారు. పోయిన శనివారం పుస్తకాల వెనక కూర్చుని ఏడ్చింది. ఈ శనివారం కూడా మొదలుపెట్టకపోతే కథల గది తీసేసి కంప్యూటర్లు పెడతారట. ఆ గది పోతే అది బతుకుతుందిలే, కానీ నవ్వదు."

అతను పాలిష్ యంత్రం ఆపేశాడు. ఆమె కళ్లెదుట ఉండాలని తను చేసిన పని ఆమె నోరే నొక్కేసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అమ్మమ్మగారూ, రేపు తీసుకురండి. పన్ను రెడీగా ఉంది."

"రేపటికి రెడీ అవుతుందా, ఎప్పుడో అయిందా?"

అతను సెట్టు తుడిచి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ పళ్లు పెట్టుకుని లేచింది. "నాకు పళ్లు లేవు గానీ కళ్లున్నాయి బాబూ" అని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్న సొరుగులోంచి డబ్బా తీశాడు. ఇవాళ్టి తేదీతో కొత్త చీటీ రాశాడు. పాత చీటీ చింపేస్తే సరి, ఎవరికీ తెలియదు. పన్ను బిగుస్తుంది, కథలు మొదలవుతాయి, తను మంచివాడుగానే మిగులుతాడు. ఆ కొత్త చీటీని చాలాసేపు చూసి, చివరికి దాన్నే చింపాడు.

ముందు గదిలో కుర్చీలో కూర్చున్న టీచర్ డబ్బా చేతికి తీసుకుంది. పుస్తకం ఇచ్చినా ముందు గడువు తేదీ చూసే మనిషి ఆమె. పన్ను కన్నా ముందు చీటీ చదివింది.

"ఇందులో తేదీ తప్పు పడింది. ఐదు వారాల కిందటిది వేశారు."

"తప్పు కాదండి. మొదట చేసింది ఇదే. ఇది సరిగ్గానే వచ్చింది. మిగతా రెండూ కావాలని పాడు చేశాను."

అక్క చేతిలోని అద్దం ట్రే మీద పెట్టేసింది.

"ఎందుకు?" అంది టీచర్.

"ఇది బిగిస్తే మీరు ఇక రారు కదా అని. కథల గది సంగతి నాకు నిన్నటిదాకా తెలియదు. తెలియకపోయినా చేసింది తప్పే."

టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతులో మాత్రం కోపమే ఉంది.

"రమ్మంటే వచ్చేదాన్ని. పన్ను దాచక్కర్లేదు."

ఆమె డాక్టర్ వైపు తిరిగింది. "బిగించండి డాక్టర్‌గారూ."

పన్ను ఒక్క గీత కూడా తేడా లేకుండా కూర్చుంది. ఆమె అద్దంలో చూసుకుంది, నవ్వలేదు, చీటీ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత గంటసేపు అక్క తిట్టిన తిట్లు రాయడానికి ఇక్కడ చోటు చాలదు. చివర్లో మాత్రం ఆవిడ అంది, "పన్ను బిగించడం వరకే నా పని. రేపు శనివారం. తలుపేసుకుని ఇక్కడే కూర్చుంటే నిన్ను తమ్ముడని చెప్పుకోను."

శనివారం సాయంత్రం కథల గది చాప కనిపించకుండా నిండిపోయింది. శిల్పి అన్నిటికన్నా వెనక, తలుపు పక్కన నిలబడ్డాడు. అమ్మమ్మ తన పక్క కుర్చీ మీది సంచి తీసి, చూపుతోనే కూర్చోమంది.

టీచర్ అతన్ని చూసింది. చూడనట్టే మొదలుపెట్టింది.

"అనగనగా ఒక శిల్పి. ఒక అమ్మాయి నవ్వు పారేసుకుంటే, కొత్తది చేసి ఇమ్మని అతనికి అప్పజెప్పారు. చాలా బాగా చేశాడు. చేసి, సొరుగులో దాచేశాడు."

"ఎందుకు?" అన్నారు పిల్లలు.

"ఇచ్చేస్తే ఆ అమ్మాయి మళ్లీ రాదని."

"పిచ్చోడా?" అని ఎవరో అడిగారు.

"కొంచెం" అంది టీచర్.

శిల్పి చెవులు ఎర్రబడ్డాయి. కథలో రాక్షసుడు కూడా వచ్చాడు. గుహలోంచి బయటికొచ్చి, కిటికీ అద్దాలు అదిరేలా గర్జించాడు. పన్ను కదల్లేదు. మొదటి వరస పిల్లలు కింద వెతికి, ఏమీ దొరక్క కాస్త నిరాశపడ్డారు.

"ఇప్పుడు చెప్పండి. నవ్వు ఐదు వారాలు ఆలస్యంగా ఇచ్చాడు. జరిమానా ఏం వెయ్యాలి?"

పిల్లలు గట్టిగా వాదించుకున్నారు. జైల్లో పెట్టాలన్నారు, గుహలోకి పంపాలన్నారు. చివరికి ప్రతి శనివారం వచ్చి, చేతులు కట్టుకుని కథ వినాలని తేలింది. అదేం శిక్ష అని కొందరు గొణిగారు గానీ మాట ఖాయమైపోయింది.

పిల్లలు వెళ్లిపోయాక అతను చాపలు చుట్టడానికి ముందుకొచ్చాడు. ఆమె బల్ల దగ్గర కూర్చుని ఆ పాత చీటీ తీసింది. అందులో 'అందిన తేదీ' అన్న గడి ఖాళీగా ఉంది. లైబ్రరీ ముద్ర తీసుకుని అక్కడ ఒక్క దెబ్బ వేసింది.

"పన్ను అందింది. ఇంకేమైనా దాచారా, ఇప్పుడే చెప్పండి."

"దాచింది ఇంకేం లేదండి. ఒకటి మాత్రం మీకు ఎప్పుడో ఇచ్చేశాను. దానికి చీటీ రాయలేదు."

"ఎప్పుడు?"

"నక్క బావిలో పడ్డప్పుడు."

"నా కోపం ఇంకా కొంచెం ఉంది" అంది ఆమె. "అది పోవడానికి టైం పడుతుంది."

"తొందర లేదండి. తొందరపెడితే పట్టు దొరకదని నేనే చెప్పాను."

ఆమె చెయ్యి అలవాటుగా పైకి లేచింది. సగం దూరం వెళ్లి ఆగింది, దిగి వచ్చి, చుట్టిన చాప పట్టుకున్న అతని చేతి మీద ఆగింది. అప్పుడు నవ్వింది. అడ్డం ఏమీ లేకుండా, నోరారా. నాలుగు రోజులు కళ్లు పొడుచుకుని చేసిన పన్ను ఆ నవ్వులో ఎక్కడుందో శిల్పి వెతకలేదు. అతనికి ఆ సంగతే గుర్తు లేదు.

వెనక కుర్చీలోంచి అమ్మమ్మ దగ్గింది.

"బాబూ, నా పై సెట్టు కాస్త వదులైంది. పెళ్లి భోజనాల నాటికి బిగించి పెట్టు. ఇది మాత్రం సొరుగులో పెట్టకు, నేను ఆకలికి ఆగలేను."